చెరువు మ్యాప్ అడిగితే "ఇవ్వకూడదు" అంటున్నారా? రూల్స్ ఏం చెబుతున్నాయి, ఎలా అడగాలి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా ఉపయోగపడుతుంది. శింగనమల, తాడిపత్రి మధ్య మీ మండలంలోని చెరువులు, కుంటలు, వాటికి నీళ్లు తెచ్చే వంకలు అన్నీ ఒక మ్యాప్‌లోకి ఎక్కించాలని ఊరి కుర్రాళ్లు పూనుకున్నారు. ఏ వంక పూడిపోయింది, ఏ చెరువు గర్భంలో పంటలు వేశారు అన్నది గ్రామసభలో అందరికీ చూపించాలని మీ ఆలోచన. ఒక ఆఫీసులో "మ్యాప్‌లు బయటివాళ్లకు ఇవ్వకూడదు, సెక్యూరిటీ రూల్స్ ఉన్నాయి" అన్నారు. ఇంకో ఆఫీసులో "అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, చూసుకోండి" అన్నారు. ఆన్‌లైన్‌లో బొమ్మ కనిపిస్తోంది గానీ ఫైల్ డౌన్‌లోడ్ కావడం లేదు. అడగడం తప్పా, తీసుకుని వాడితే కేసు అవుతుందా, అసలు ఎక్కడ దొరుకుతుంది అని మూడు అడిగారు.

అనంతపురం, కర్నూలు జిల్లాల్లో నీటి పనులకు మ్యాప్‌లు తయారుచేయడమే చాలా ఏళ్లుగా నా పని. అందుకే సూటిగా చెబుతాను. అడగడం తప్పు కాదు, అది మీ హక్కు. ప్రభుత్వం బయటపెట్టిన డేటాను దాని షరతుల ప్రకారం వాడుకుంటే ఏ కేసూ ఉండదు. దొరకడం సంగతే కాస్త కష్టం. మీకు కావాల్సింది ఒకేచోట ఒకే ఫైల్‌గా లేదు, నాలుగైదు చోట్ల ముక్కలుగా ఉంది. పాలసీ ఇప్పటికే మీ వైపు ఉంది. కౌంటర్ దాకా అది ఇంకా రాలేదు. కాబట్టి ఏ కాగితం ఏ ఆఫీసుదో, దాని అసలు పేరేంటో తెలుసుకుని ఆ పేరుతో అడగాలి. "మ్యాప్ ఇవ్వండి" అని నోటిమాటగా అడిగితే "లేదు" అనడం ఎవరికైనా సులువే.

ఆ "సెక్యూరిటీ" మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. ఒకప్పుడు దేశ మ్యాప్‌లు తయారుచేసే కేంద్ర సంస్థ సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్ షీట్లు చాలావాటి మీద నిజంగానే ఆంక్షలుండేవి. దేశ సరిహద్దులు, సముద్రతీరం వెంట ఉండే ప్రాంతాల షీట్లు కావాలంటే అధికారి సంతకం, ఎందుకు కావాలో కారణం, తిరిగి అప్పగిస్తామని హామీ రాసివ్వాల్సి వచ్చేది. ఆ రోజుల్లో సర్వీసులో చేరినవాళ్లకు మ్యాప్ అంటే బీరువాలో పెట్టి తాళం వేయాల్సిన వస్తువు. వాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లకూ అదే అలవాటైంది. మీతో మాట్లాడినాయన కావాలని అబద్ధం చెప్పి ఉండరు. ఇస్తే ఎవరైనా అడుగుతారేమో, ఇవ్వకపోతే ఎవరూ అడగరు కదా అన్న భయమే ఎక్కువగా పనిచేస్తుంది.

రూల్ మాత్రం 2005లోనే మారింది. ఆ ఏడాది వచ్చిన జాతీయ మ్యాప్ పాలసీ షీట్లను రెండు రకాలుగా విడదీసింది: సైన్యం అవసరాలకు డిఫెన్స్ సిరీస్, జనం కోసం ఓపెన్ సిరీస్. సున్నితమైన సైనిక, పౌర స్థావరాలు ఓపెన్ సిరీస్ షీట్లలో ఉండవు. తక్కినవి, అంటే ఊళ్లు, దార్లు, వంకలు, చెరువులు, గుట్టలు అన్నీ ఉంటాయి. 2017లో సర్వే ఆఫ్ ఇండియా తన 250వ ఏడాది సందర్భంగా "నక్షే" పేరుతో పోర్టల్ పెట్టి 1:50,000 స్కేలు ఓపెన్ సిరీస్ షీట్లను పీడీఎఫ్‌గా ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు వాళ్ల ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్లో అకౌంట్ తెరిచి దించుకోవచ్చు.

మధ్యలో 2016లో జియోస్పేషియల్ సమాచారం (నేల మీద ఏది ఎక్కడుందో చెప్పే సమాచారం) మీద ఒక బిల్లు ముసాయిదా వచ్చింది. అనుమతి లేకుండా మ్యాప్ డేటా సేకరిస్తే కోటి నుంచి వంద కోట్ల దాకా జరిమానా, ఏడేళ్ల వరకు జైలు అని అందులో రాశారు. పేపర్లలో పెద్దపెద్ద హెడ్డింగులు వచ్చాయి. అది ఎప్పుడూ చట్టం కాలేదు. అయినా "మ్యాప్ పెడితే వంద కోట్ల ఫైన్" అనే మాట మాత్రం ఇప్పటికీ జనంలో తిరుగుతూనే ఉంది. మీకు "కేసు అవుతుంది" అని ఎవరో చెప్పారన్నారు కదా, నా అంచనాలో దాని మూలం ఇదే.

అసలు మలుపు 2021 ఫిబ్రవరి 15న వచ్చింది. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం భారతీయులు, భారతీయ సంస్థలు మ్యాప్ తయారుచేయడానికి ముందస్తు అనుమతి, లైసెన్సు అక్కర్లేదు. నిబంధనలు పాటిస్తున్నామని స్వయంగా ధ్రువీకరించుకుంటే సరిపోతుంది. మీకు ఇంకా ముఖ్యమైన మాట అందులోనే ఉంది: ప్రజల డబ్బుతో తయారైన జియోస్పేషియల్ డేటా, భద్రతా సంస్థల రహస్య డేటా మినహా, శాస్త్రీయ, ఆర్థిక, అభివృద్ధి అవసరాల కోసం భారతీయులందరికీ సులభంగా అందుబాటులో ఉండాలి. ప్రభుత్వ శాఖలకైతే ఉచితంగా, మిగతావాళ్లకైతే న్యాయమైన, పారదర్శకమైన ధరకు. ఈ పేరాను ప్రింటు తీసి దరఖాస్తుకు జతచేయండి. దీన్ని చూపించాక "రూల్ ఒప్పుకోదు" అన్న మాట అక్కడితో ఆగిపోయి, "సరే, ఏం కావాలి" అన్న మాట మొదలవడం నేను చాలాచోట్ల చూశాను.

ఆ మార్గదర్శకాల్లో ఒక గీత గీశారు. అడ్డంగా 1 మీటరు, ఎత్తులో 3 మీటర్ల కంటే కచ్చితమైన డేటాను భారతీయ సంస్థలే తయారుచేయాలి, సొంతం చేసుకోవాలి, మన దేశంలోని సర్వర్లలోనే దాచాలి. మీ ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి దానితో నడిచి తీసిన కట్ట పొడవు, తూము పాయింట్లు ఆ గీత దగ్గరికి కూడా రావు. రోవర్ అనే సర్వే జీపీఎస్ పరికరంతో సెంటీమీటర్ల లెక్కన కొలిస్తే మాత్రం ఆ ఫైల్‌ను విదేశీ క్లౌడ్‌లో పడేయకండి.

2022 డిసెంబర్ 28న నోటిఫై అయిన జాతీయ జియోస్పేషియల్ పాలసీ దీన్నే ఇంకా ముందుకు తీసుకెళ్లింది. 2030 నాటికి ఊళ్లను, పట్టణాలను 5 నుంచి 10 సెంటీమీటర్ల రిజల్యూషన్‌తో మ్యాప్ చేయాలన్నది అందులోని లక్ష్యం. అలాంటిది వస్తే మంచిదే, అంతవరకు ఆగాల్సిన పని మాత్రం మీకు లేదు. 2023 అంతరిక్ష పాలసీ మీకు వెంటనే పనికొస్తుంది: 5 మీటర్లు, అంతకంటే ముతక రిజల్యూషన్ ఉన్న ఉపగ్రహ చిత్రాలు అందరికీ ఉచితం. హైదరాబాద్‌లోని ఇస్రో ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భూనిధి పోర్టల్లో వెతకండి. లిస్-4 అనే మన ఉపగ్రహ కెమెరా తీసిన 5.8 మీటర్ల చిత్రంలో ఒక చుక్క అంటే సెంటు లోపు నేల. మన చిన్న కుంటలకు అది బాగానే సరిపోతుంది.

ఇక మీరు ఎదుర్కొన్న రెండో సంగతి, నా దృష్టిలో ఇదే అసలు సమస్య. ఇవ్వం అనేవాళ్లు తగ్గారు, చూసుకోండి అనేవాళ్లు పెరిగారు. ఇస్రో మ్యాప్ పోర్టల్ భువన్ 2009 నుంచి ఉంది. అందులో మన జిల్లాల భూవినియోగం, వంకలు, నీటి వనరులు పొరలు పొరలుగా ఉన్నాయి. చాలా పొరలు తెరమీద చూసే సేవగానే వస్తాయి. అంటే చిత్రం వస్తుంది, గీత రాదు. వంక పొడవు కొలవాలన్నా, మీ కొత్త పాయింట్లతో పోల్చాలన్నా గీతే కావాలి. రాష్ట్ర జలవనరుల సమాచార పోర్టల్లో చెరువుల నీటిమట్టాలు, భూగర్భజలాలు కనిపిస్తాయి, అదీ చాలావరకు డాష్‌బోర్డే. మీభూమి అనే రాష్ట్ర భూరికార్డుల పోర్టల్లో గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు హద్దుల కొలతల పటం) ఒక్కో సర్వే నంబరుకు విడివిడిగా తెరుచుకుంటాయి. ఊరంతటిదీ కలిపి ఒక్క ఫైల్‌గా ఇవ్వరు. తెరమీద చూపించడాన్నే "పబ్లిక్ డొమైన్‌లో పెట్టాం" అని రిపోర్టుల్లో రాసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. రైతు డబ్బుతో కొలిచిన కొలత రైతు పిల్లల చేతికి లెక్క వేసుకునే రూపంలో రావాలి. అందుకే దరఖాస్తులో ఎప్పుడూ గీతలను గీతలుగానే ఇచ్చే ఫార్మాట్ పేరు కూడా రాయండి: "షేప్‌ఫైల్ లేదా కేఎంఎల్ రూపంలో, కంప్యూటర్‌లో ఉన్నది ఉన్నట్టుగా".

2012లో వచ్చిన జాతీయ డేటా షేరింగ్ పాలసీ ఉద్దేశం కూడా ఇదే, వాడుకునేలా ఇవ్వాలని. అదే ఏడాది ప్రభుత్వ డేటా పోర్టల్ డేటా డాట్ గవ్ డాట్ ఇన్ మొదలైంది. అందులోని డేటాకు 2017 నుంచి ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సు ఉంది: మూలం పేరు చెప్పి వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తిరిగి ప్రచురించుకోవచ్చు, వ్యాపారానికి కూడా. ఏ ఫైల్ దించినా దాని పేజీలో ఈ లైసెన్సు పేరు ఉందో లేదో చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు ఎవరైనా అడిగితే అదే మీ సమాధానం.

ఇప్పుడు ఏది ఎక్కడ అన్నది. మొదట టోపో షీట్, అంటే పైన చెప్పిన సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్ షీటు. శింగనమల వైపు పాత నంబరింగ్‌లో 57ఎఫ్‌లోకి వస్తుంది. అనంతపురం టౌన్ 57ఎఫ్/10, శింగనమల దాని పైన 57ఎఫ్/9. తాడిపత్రి దగ్గరికి వచ్చేసరికి 57జే మొదలవుతుంది. ఈ మార్పు మామూలుగా కనిపిస్తుంది గానీ మీ పనిలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

78 డిగ్రీల రేఖాంశం సరిగ్గా తాడిపత్రి పక్కనుంచే పోతుంది. ఓపెన్ సిరీస్ షీట్లు యూటీఎం పద్ధతిలో (భూమిని నిలువు జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) ఉంటాయి, అందులో 43వ జోన్ ఆ రేఖకు పడమర, 44వ జోన్ తూర్పు. షీటు నంబరు డీ43తో మొదలైతే ఒక జోన్, డీ44తో మొదలైతే ఇంకో జోన్. అనంతపురం, గుత్తి, ధర్మవరం 43లో ఉంటాయి. కదిరి, కర్నూలు టౌన్, కడప 44లో. మీ మండలంలో పడమర చెరువులు ఒక జోన్‌లో, తూర్పు చెరువులు ఇంకో జోన్‌లో పడితే, ఒకే జోన్ పెట్టి రెండూ తెరిచినప్పుడు సగం చెరువులు ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల తేలుతాయి. కంగారు పడకండి, ఫైల్ పాడవలేదు. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పొరకు దాని జోన్ సరిగ్గా చెప్పి, ఆ తర్వాత అన్నిటినీ మామూలు అక్షాంశ రేఖాంశాల్లోకి మార్చి సేవ్ చేసుకోండి.

ఇంతకంటే కనిపించకుండా దెబ్బతీసేది పాత షీట్ల డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కకట్టడానికి ఆధారంగా తీసుకున్న భూమి నమూనా. 2005కు ముందు షీట్లు ఎవరెస్ట్ డేటమ్‌లో ఉంటాయి, జీపీఎస్ డబ్ల్యూజీఎస్-84లో చూపిస్తుంది. మన వైపు ఈ రెండింటి మధ్య తేడా దాదాపు రెండు వందల మీటర్లు వస్తుంది. జోన్ తప్పయితే వెంటనే తెలిసిపోతుంది. ఇది తప్పయితే మ్యాప్ చూడ్డానికి బాగానే ఉంటుంది, చెరువు మాత్రం పక్కవాళ్ల పొలంలో కూర్చుంటుంది. ఆక్రమణల గురించి మాట్లాడే మ్యాప్‌లో రెండు వందల మీటర్లు జరిగితే ఊళ్లో గొడవలే. స్కాన్ చేసిన పాత షీటు ఎవరైనా ఇస్తే ముందు దాని అంచున ఏ డేటమ్ రాసుందో చదవండి.

టోపో షీటు వంకల దిశ, చెరువుల గొలుసు తెలుసుకోవడానికి చాలా మంచిది. ఏ చెరువు మరువ పారితే నీళ్లు ఏ చెరువులోకి పోతాయో దాంట్లో చక్కగా తెలుస్తుంది. హద్దులకు మాత్రం పనికిరాదు. 1:50,000 అంటే నేల మీద 500 మీటర్లు కాగితం మీద ఒక సెంటీమీటరు. రెండు వందల మీటర్ల కుంట నాలుగు మిల్లీమీటర్ల మచ్చ అవుతుంది. పరివాహక ప్రాంతం గీయడానికి కార్టోడెమ్ 30 మీటర్ల ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది, కానీ అందులో ఒక గడి దాదాపు 22 సెంట్ల నేల. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో దాన్ని బట్టి తేల్చకండి.

చెరువు హద్దుకు చట్టం ముందు నిలబడే కాగితం రెవెన్యూ, సర్వే రికార్డులోనే ఉంది. చెరువు పోరంబోకుకు కూడా పొలాల మాదిరిగానే సర్వే నంబరు ఉంటుంది, దానికి ఎఫ్‌ఎంబీ ఉంటుంది, రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టర్ (ఆర్‌ఎస్‌ఆర్)లో విస్తీర్ణం ఎకరాలు, సెంట్లలో రాసి ఉంటుంది. వంక పోరంబోకు, డొంక కూడా అంతే. కాబట్టి మొదట ఆర్‌ఎస్‌ఆర్ నుంచి మీ గ్రామంలో చెరువు, కుంట, వంక అని రాసున్న నంబర్ల జాబితా తీసుకోండి, తర్వాత ఆ నంబర్ల ఎఫ్‌ఎంబీలు. ఒకటి రెండు కావాలంటే మీసేవలోనో సచివాలయంలోనో ఫీజు కట్టి తీసుకోవచ్చు. ఊరంతటికీ కావాలంటే సర్వే అండ్ ల్యాండ్ రికార్డ్స్ ఆఫీసుకు రాతపూర్వకంగా రాయాలి.

ఎఫ్‌ఎంబీ చేతికొచ్చాక ఏం చూడాలో చెబుతాను. అందులో అక్షాంశాలు, రేఖాంశాలు ఉండవు. గొలుసు, లింకుల కొలతలుంటాయి. గొలుసు అంటే 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరా. మధ్యలో పొడుగ్గా ఒక గీత, దాని మీంచి హద్దు రాయి దాకా అడ్డంగా ఎంత దూరమో పక్కన అంకెలు. ఆ అంకెలతో ఆకారం గీసుకోవచ్చు గానీ అది నేల మీద ఎక్కడుందో తెలియాలంటే కనీసం మూడు నాలుగు స్థిరమైన పాయింట్లు కావాలి. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే ట్రైజంక్షన్ రాళ్లు మేలు. అవి లేకపోతే పాత బావి మూల, గుడి, తూము గోడ. వాటి దగ్గర ఫోన్ పది నిమిషాలు కదలకుండా పెట్టి పాయింటు తీసుకోండి. గ్రామ సర్వేయర్‌ను వెంట తీసుకెళ్తే రాయి ఎక్కడుందో ఆయనే చూపిస్తారు. ఇలాంటి పనిలో చాలామంది ఇష్టంగానే కలిసొస్తారు. డ్రోన్లతో రీసర్వే అయిన గ్రామమైతే సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది, ఆ డేటా అక్షాంశ రేఖాంశాలతోనే ఉంటుంది. అప్పుడు పాత నంబరు, కొత్త నంబరు రెండింటినీ కలిపే పట్టిక కూడా అడగండి, లేకపోతే పాత రికార్డుతో పోల్చలేరు.

ఇరిగేషన్ ఆఫీసులో అడగాల్సిన కాగితం పేరు ట్యాంక్ మెమాయిర్. బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ చెరువుల పునరుద్ధరణ పథకం పెట్టినప్పుడు ఒక్కో చెరువుకు రాసిపెట్టిన పుస్తకం లాంటిది. కట్ట పొడవు, తూముల మట్టం, మరువ పొడవు, ఆయకట్టు, పరివాహక ప్రాంతం అన్నీ ఉంటాయి. అన్ని చెరువులకూ దొరక్కపోవచ్చు, దొరికినవి కూడా కాగితాలు పెళుసెక్కి ఉంటాయి. ఫొటో తీయనిస్తే పేజీకి రెండుసార్లు తీయండి.

మన సీమలో చెరువు లెక్కను జనం ముందు పెట్టడం కొత్త సంగతేమీ కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్టించిన బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో రాతి మీద శాసనం చెక్కించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, 6 దోషాలు అందులో ఉన్నాయి. చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం ఆ దోషాల్లో ఒకటి. ఇప్పుడు రాజ్యాలు లేవు గానీ చెరువు నీళ్లు ఒక ఊళ్లో, కట్ట ఇంకో ఊళ్లో, ఆయకట్టు మూడో ఊళ్లో ఉంటే మూడు గ్రామాల రికార్డులు తిరగాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక కొన్ని చెరువులకు జిల్లాలు కూడా మారాయి. పాత అనంతపురం జిల్లా ఫైల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా కలిసే ఉంటుంది, కొత్త ఫైల్‌లో ఉండదు. అందుకని జిల్లా పేరుతో వెతక్కండి, గ్రామానికి కేంద్ర ప్రభుత్వ గ్రామాల జాబితా అయిన లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఉన్న కోడ్‌తో వెతకండి. జిల్లా మారినా గ్రామాన్ని ఆ కోడ్ పట్టుకునే కలపగలరు.

గుత్తి కొండ మీకు దగ్గరే కదా. 1811లో బ్రిటిష్ సర్వే అధికారి లాంబ్టన్ బృందం గుత్తి దగ్గర బేస్‌లైన్ కొలిచింది, దేశమంతా కొలిచిన త్రికోణాల సర్వేలో అదొక ముఖ్యమైన మజిలీ. అంతకు ముందే థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నప్పుడు ఇక్కడి పొలాలను ఒక్కొక్కటిగా కొలిపించాడు. రెండు వందల ఏళ్లుగా ఇంత కొలిచిన నేల మీద ఇంకా ఊరివాళ్లు ఊరి పటం కోసం బతిమాలుకోవాల్సి రావడం సరైంది కాదు.

కేంద్ర జలశక్తి శాఖ చేసిన మొదటి నీటి వనరుల గణన రిపోర్టు 2023లో వచ్చింది. దేశంలో 24,24,540 నీటి వనరులను లెక్కపెట్టారు, ఒక్కోదానికి పాయింటు, ఫొటో తీసుకున్నారు. మీ మండలం వరుసలు అడగండి. మీ జాబితాలో ఉండి అందులో లేనివి, అందులో ఉండి నేల మీద లేనివి, ఈ రెండూ మీ గ్రామసభకు మంచి ఆధారాలు.

నోటిమాటతో పని కాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. నేను ఇలా రాయమంటాను:

"ఫలానా గ్రామంలో చెరువు, కుంట, వంక పోరంబోకుగా నమోదైన అన్ని సర్వే నంబర్ల ఆర్‌ఎస్‌ఆర్ నకళ్లు, ఎఫ్‌ఎంబీలు, గ్రామ పటం ఇవ్వగలరు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జే) ప్రకారం, ఈ సమాచారం కంప్యూటర్‌లో ఉన్నంతవరకు అదే ఎలక్ట్రానిక్ రూపంలో సీడీ లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వగలరు. మీ ఆఫీసుకు సంబంధం లేని అంశముంటే సెక్షన్ 6(3) ప్రకారం సంబంధిత ఆఫీసుకు బదిలీ చేయగలరు. ఏ భాగమైనా నిరాకరిస్తే ఏ సెక్షన్ కింద నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా తెలపగలరు."

ఆఖరి వాక్యం తీసేయకండి. "సెక్యూరిటీ" అని నోటితో చెప్పడం వేరు, సెక్షన్ 8(1)(ఏ) కింద ఊరి కుంట వల్ల దేశభద్రతకు ముప్పు అని సంతకం పెట్టి రాయడం వేరు. అలా రాసిన కాగితాన్ని నేనింతవరకు చూడలేదు. జవాబు రాకపోయినా, సంతృప్తిగా లేకపోయినా 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇస్తే నకళ్ల చార్జీ తీసుకోకూడదని సెక్షన్ 7(6)లో ఉంది. మొదటి అప్పీలు నోటీసు అందగానే కాగితాలు బయటికి రావడం మామూలే, కాబట్టి మొదటి జవాబు చూసి నీరుగారిపోకండి. ప్రజాప్రయోజనం గురించి రాయాలంటే ఊరి చెరువులు, ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ప్రస్తావించండి.

దరఖాస్తులో పట్టాదారుల పేర్లు అడగకండి. మీకు కావాల్సింది హద్దు. 1-బీ (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు)లోని పేర్లు, ఖాతా నంబర్లు, ఆధార్ వివరాలు చేర్చితే వ్యక్తిగత సమాచారం అని మొత్తం దరఖాస్తునే తిప్పికొట్టే వీలు మీరే ఇచ్చినట్టవుతుంది. మ్యాప్‌లో కూడా పేర్లు పెట్టకండి. చెరువు గర్భంలో పంట ఉంది అని చూపించండి, ఎవరిదో తేల్చడం తహసీల్దార్, సర్వేయర్ల పని. కొన్ని కుటుంబాలు తాతల కాలం నుంచి అక్కడ సాగు చేస్తూ ఉంటాయి, కొన్నిచోట్ల పట్టాలే ఇచ్చి ఉంటారు. పేదవాడి అరెకరా మీద ఎర్ర రంగు పూసి గోడ మీద వేలాడదీస్తే అది అతని బతుకు మీద పడుతుంది. ఆ బాధ్యత మ్యాప్ గీసేవాళ్లకు ఉండాలి.

గూగుల్ మ్యాప్స్ చిత్రం మీద గీతలు గీసి ఆ గీతలను మీ డేటాగా పంచకండి, వాళ్ల షరతులు ఒప్పుకోవు. గీయాలంటే లిస్-4 మీద గీయండి, లేదా 10 మీటర్ల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం మీద. అది ఐరోపా వాళ్లది, ఉచితం, దాదాపు ఐదు రోజులకోసారి కొత్త చిత్రం వస్తుంది. వాన వచ్చిన తర్వాత అక్టోబరు, నవంబరు చిత్రం ఒకటి, మే చిత్రం ఒకటి తీసుకుంటే నీళ్లు ఎంతవరకు వచ్చి వెనక్కి తగ్గాయో కనిపిస్తుంది. డ్రోన్ వాడాలనుకుంటే ముందు ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఊరు గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి. పుట్టపర్తి, కడప, ఓర్వకల్లు విమానాశ్రయాల చుట్టూ రూల్స్ వేరు.

మ్యాప్ తయారయ్యాక ప్రతి పొరకు నాలుగు విషయాలు రాసిపెట్టండి: ఎక్కడి నుంచి తీసుకున్నారు, ఏ తేదీది, ఏ డేటమ్, ఎంత అటూ ఇటూ ఉండొచ్చు. ఎఫ్‌ఎంబీ నుంచి గీసిన హద్దును, ఉపగ్రహ చిత్రం నుంచి గీసిన నీటి అంచును ఒకే రంగులో కలపకండి. మొదటిది రికార్డు, రెండోది ఆ రోజు కనిపించింది. "ఇది సర్వే కాదు, హక్కు పత్రం కాదు" అని మ్యాప్ కింద తెలుగులో పెద్ద అక్షరాల్లో రాయండి. ఒక ప్రింటు గ్రామ సచివాలయానికి రసీదు తీసుకుని ఇవ్వండి, ఫైళ్లు ఓపెన్ లైసెన్సుతో ఆన్‌లైన్‌లో పెట్టండి. పక్క మండలం వాళ్లు అడిగితే క్యూజీఐఎస్ ప్రాజెక్టు ఫైల్‌తో సహా ఇచ్చేయండి. మీ దరఖాస్తుకు ఏం జవాబు వచ్చిందో పేర్లు కొట్టేసి ఇక్కడ పెడితే అప్పీలు ఎలా రాయాలో ఆ జవాబును బట్టి చెబుతాను.